పాత బండి మోజు: కొనాలా, విప్పి కట్టించాలా?

ఆదివారం పొద్దున తొమ్మిది. పొన్నూరు మెయిన్ రోడ్డు మీద ఓ మెకానిక్ షెడ్డు. కుర్రాడొకడు కిక్కు మీద కిక్కు కొడుతున్నాడు. చోక్ లాగి, ఎక్సలేటర్ కాస్త తిప్పి నాలుగోసారి కొట్టేసరికి యమహా ఆర్‌ఎక్స్ 100 అందుకుంది. సైలెన్సర్ లోంచి నీలిపొగ, దాని వెనకే కాలిన టూటీ ఆయిల్ వాసన. పక్క టీ కొట్టు దగ్గరున్న నడివయసు మనిషి గ్లాసు బల్ల మీద పెట్టి ఇటు తిరిగాడు. ఆ చప్పుడు ఆయన పాతికేళ్ల వయసునాటిది. అదే షెడ్డులో, పది అడుగుల దూరంలో, అదే మోడల్ బండి ఇంకొకటి ఉంది. దానికి చక్రాలు లేవు, ట్యాంకు లేదు, ఇంజన్ ముక్కలుగా గోనెసంచిలో ఉంది. మొదటి బండిని వేరే జిల్లా నుంచి తయారుగా కొని తెచ్చారు. రెండోదాన్ని పాత ఇనుప కొట్టులో చూసి, ముచ్చటపడి, బాగు చేయించుకుందామని తోలుకొచ్చారు. సంక్రాంతికి రోడ్డెక్కిస్తామన్నారు. సంక్రాంతి వెళ్లింది, ఉగాదీ వెళ్లింది. గుంటూరు, బాపట్ల జిల్లాల్లో ఇలాంటి దృశ్యం కనపడని ఊరు ఇప్పుడు తక్కువ.

పాత బండ్ల మాట ఇప్పుడు టీ కొట్ల దగ్గరా, కాలేజీ గేట్ల దగ్గరా, పెళ్లి విందుల్లోనూ నడుస్తోంది. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన వాహనాల రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుమును పెంచింది. మోటార్‌సైకిల్‌కు రూ.2,000, కారుకు రూ.10,000 అయింది. ఆ రోజుల్లోనే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత ఇంజన్లను ఏం చేస్తుందన్న గొడవా నడిచింది. ఇవన్నీ చూశాక కూడా మోజు తగ్గలేదు. అందుకే ప్రశ్న అందరిదీ అయింది: పాత బండి కావాలనుకున్నవాళ్లు పూర్తిగా తయారైనదాన్ని కొనాలా, పాడైనదాన్ని తెచ్చి కట్టించుకోవాలా? ఈ కథనం చెప్పే జవాబు సూటిగానే ఉంటుంది. ఇంట్లో బండి ఉంటే బాగు చేయించుకోండి. లేకపోతే తయారైనదే కొనండి. బాగు చేయడం కోసమని బయటి నుంచి పాడైన బండిని కొనడం మాత్రం, నూటికి తొంభైమంది చేయకూడని పని.

రోడ్డు మీద నుంచి షెడ్డులోకి

ఒకప్పుడు ఈ ప్రాంతంలో బండిని చూసి మనిషి పని చెప్పేవారు. పాల క్యాన్లు కట్టుకుని రాజ్‌దూత్ వచ్చేది. మేష్టారు లాంబ్రెటా మీదో, విజయ్ సూపర్ మీదో బడికి వెళ్లేవారు. మోతుబరి రైతు ఇంటి ముందు బుల్లెట్ స్టాండు వేసి ఉండేది. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారికి, పొగాకు వ్యాపారికి తెల్ల అంబాసిడర్ ఉండాల్సిందే. ఎనభయ్యో దశకం చివర్లో ఇంటర్ చదివే కుర్రాళ్ల కల ఆర్‌ఎక్స్ 100. కేవలం 98 సీసీ ఇంజన్, 11 హార్స్‌పవర్. బండి తేలిక కావడంతో ముందు చక్రం గాల్లోకి లేచేంత ఊపు. కాలుష్య నిబంధనలు బిగుసుకునే కొద్దీ టూస్ట్రోక్ బండ్లకు కాలం చెల్లింది. ఒక్కొక్కటే రోడ్డు మీద నుంచి గొడ్ల చావిడిలోకి, అక్కడి నుంచి పాత ఇనుప కొట్టుకూ చేరాయి.

తిరిగి రావడం మాత్రం హఠాత్తుగా జరిగినట్టు అనిపిస్తుంది. 2018 జులైలో 'ఆర్‌ఎక్స్ 100' పేరుతోనే తెలుగు సినిమా వచ్చేనాటికి ఆ బండి తయారీ ఆగిపోయి 22 ఏళ్లయింది. హీరో వయసువాళ్లలో చాలామంది కొత్త ఆర్‌ఎక్స్‌ను షోరూంలో చూసి ఎరగరు. అదే ఏడాది నవంబరులో జావా పేరు కొత్త కంపెనీ చేతుల్లో మళ్లీ మార్కెట్‌కు వచ్చింది, 2022 జనవరిలో యెజ్డీ వచ్చింది. 2020లో చేతక్ పేరును బజాజ్ విద్యుత్ స్కూటర్‌కు పెట్టుకుంది. పేర్లకు ఇంత గిరాకీ ఉందని కంపెనీలే ఒప్పుకున్నాక, చావిడిలో దుమ్ము పట్టిన అసలు బండికి ధర రాకుండా ఎందుకుంటుంది? నిన్నటిదాకా కిలోల లెక్కన పోయిన బండికి ఇవాళ లక్ష రూపాయలు చెబుతున్నారంటే కారణం ఇదే. ఆ ధర చూసే చాలామంది రెండో దారి పడుతున్నారు. లక్ష పెట్టి కొనడమెందుకు, పాతిక వేలకు మొండెం తెచ్చి మనమే కట్టించుకుంటే పోదా అని.

బాక్స్: వచ్చిన ఏడు, ఆగిన ఏడు

రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్: మద్రాస్ మోటార్స్, ఇంగ్లండ్‌లోని రెడిచ్ కంపెనీ కలిసి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో తయారైన పాత తరహా ఇనుప ఇంజన్ (346 సీసీ) 2010 ప్రాంతం దాకా నడిచింది. రెడిచ్ కంపెనీ మూతపడినా మద్రాసుది ఆగలేదు.

జావా, యెజ్డీ: మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ బండ్లు. 1973 నుంచి యెజ్డీ పేరు. ఫ్యాక్టరీ మూత 1996లో.

లాంబ్రెటా, విజయ్ సూపర్: 1972లో ఇటలీలోని ఇన్నోసెంటి యంత్రాలను ప్రభుత్వ రంగ స్కూటర్స్ ఇండియా కొని లక్నోకు తెచ్చింది.

బజాజ్ చేతక్: 1972 నుంచి 2000ల దశకం వరకు.

యమహా ఆర్‌ఎక్స్ 100: 1985 నుంచి 1996 వరకు.

అంబాసిడర్: మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో ఉత్తరపారాలో తయారీ. 2014 మేలో ఆగింది.

మారుతి 800: 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి వరకు.

లెక్క తప్పేది ఎక్కడ?

మొండెం బండిని కొనేవాళ్లు వేసుకునే లెక్కలో మూడు పద్దులుంటాయి: బండి ధర, ఇంజన్ పని, పెయింటు. అసలు పద్దులు విప్పాక గాని కనపడవు. ఇంజన్‌నే తీసుకుందాం. బోరు అరిగితే లేత్ మీద రీబోర్ చేసి కొంచెం పెద్ద పిస్టన్ వేస్తారు. ఒక్కో దఫాకు పావు మిల్లీమీటరు చొప్పున పెద్దవి దొరుకుతాయి. ఒక మిల్లీమీటరు దాకా వెళ్లాక దారి మూసుకుపోతుంది. అప్పుడు స్లీవ్ కొట్టించాలి, లేదా వేరే సిలిండర్ వెతకాలి. ముప్పై ఏళ్లు పొలాల గట్ల మీద నడిచిన బండి ఇప్పటికి ఎన్ని రీబోర్‌లు చూసిందో హెడ్డు విప్పి పిస్టన్ మీది అంకె చదివితేనే తెలుస్తుంది. విప్పేది కొన్నాక. క్రాంకు, బేరింగులు, గేర్లు, క్లచ్ పళ్లేలు, అన్నిటిదీ ఇదే వరస. రేకు సంగతీ అంతే. తీరానికి దగ్గరగా ఉన్న నేల మనది. గాల్లో తేమకు ట్యాంకు లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. పైన రంగు బాగానే ఉంటుంది, సూదితో పొడిస్తే దిగిపోతుంది.

సామాన్ల వేట మరో పద్దు. బుల్లెట్‌కూ, చేతక్‌కూ పెద్ద చిక్కు లేదు. బండ్లు లక్షల్లో తిరిగాయి కాబట్టి సామాను విజయవాడ ఆటోనగర్‌లోనో, గుంటూరులోనో దొరుకుతుంది; లేదంటే ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి పార్సిల్ వస్తుంది. జావా, యెజ్డీలకు కొత్తగా పోత పోసిన సామాను వస్తోంది గాని నాణ్యత చేతిని బట్టి మారుతుంది. ఆర్‌ఎక్స్ 100కి నకిలీ సామాను కావలసినంత, కంపెనీ సామాను మాత్రం బంగారం ధర. ప్రీమియర్ పద్మినికో, స్టాండర్డ్ హెరాల్డ్‌కో డోరు హ్యాండిల్ కోసం చెన్నై పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు తిరగాల్సి వస్తుంది. పొన్నూరులో కూర్చుని బాగు చేయించేవాడికి ఒక్కో ముక్కకూ ప్రయాణం, కొరియర్, తప్పు ముక్క వస్తే మళ్లీ కొరియర్. మన జిల్లాలో పాత వాహనాల సామాను ఎటు పోతోందో తెనాలి వెళ్తే కొంత అర్థమవుతుంది. అక్కడి సూర్య శిల్పశాల కళాకారులు స్క్రాపుగా వచ్చిన గేరు చక్రాలు, చైన్లు, నట్లు, బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. వాళ్ల కళ గొప్పది. కానీ విగ్రహం కాని స్క్రాపు అంతా కొలిమికే పోతుందనీ, దాంతోపాటే మనం వెతికే చిన్నచిన్న ముక్కలూ కరిగిపోతున్నాయనీ గుర్తుంచుకోవాలి. ఏటేటా సామాను తగ్గేదే గాని పెరిగేది కాదు.

వీటన్నిటికన్నా పెద్ద పద్దు కాలం. మెకానిక్‌కు రోజూ వచ్చే స్ప్లెండర్ల పని అన్నం పెడుతుంది. మీ మొండెం పని ఖాళీ ఉన్నప్పుడు చూసేది. అందులో ఆయన తప్పేమీ లేదు. పూర్తి చేసిన బండిని ఎవరైనా అమ్మినప్పుడు, విప్పిన రోజులు, తిరిగిన ఊళ్లు, మూలన పడి ఉన్న నెలలు ధరలో కలపలేరు. కొనేవాడు ఆ బండికి బజారులో ఉన్న ధరే ఇస్తాడు. ప్రపంచమంతటా పాత కార్లు, మోటార్‌సైకిళ్లు సేకరించేవాళ్లకు తెలిసిన నిజం ఇది: మామూలు మోడల్ బండికి పెట్టిన ఖర్చు తిరిగి రావడం అరుదు. ఆ నష్టాన్ని ముందరి యజమాని భరించాడు కాబట్టే తయారైన బండి కొనేవాడికి లాభం. లక్ష ఎక్కువ అనిపించవచ్చు. ఆ లక్షలో ఏమేం కలిసున్నాయో విడదీసి చూస్తే, పాతిక వేల మొండెమే ఖరీదైనదని తేలుతుంది.

మెరుపు కింద ఏముంది?

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం గట్టిదే. తయారైన బండిని నమ్మేదెలా? మన చేతులతో కట్టించుకుంటే లోపల ఏముందో మనకు తెలుసు. అమ్మేవాడు లప్పం పెట్టి, మెరిసే రంగు కొట్టి, నికెల్ తళతళలు చూపిస్తే ఎలా పోల్చుకుంటాం? ఈ భయానికి ఆధారం లేకపోలేదు. వియెత్నాం నుంచీ, మన దేశం నుంచీ పాత వెస్పాలు, లాంబ్రెటాలు కొత్తగా రంగేసుకుని యూరప్, అమెరికాలకు చాలా వెళ్లాయి. ఫొటోలో పెళ్లికూతుళ్లలా ఉన్న ఆ స్కూటర్లను విప్పి చూస్తే కొన్నిటిలో రెండు మూడు బండ్ల ముక్కలు అతికించిన వెల్డింగు, వేళ్ల మందాన లప్పం బయటపడ్డాయి. అక్కడి స్కూటర్ ప్రియుల్లో ఆ సరుకుకు ఇప్పటికీ చెడ్డపేరు పోలేదు. దూరం దాకా ఎందుకు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది వాహనాలు రోజుల తరబడి నీళ్లలో మునిగాయి. నీళ్లు తాగిన బండికి రంగు వేయడం కష్టమేమీ కాదు, వైరింగ్ లోపలి పచ్చని చిలుము పోగొట్టడమే కష్టం.

అయినా ఈ అభ్యంతరం మొండెం కొనడానికి సమర్థన కాలేదు. ఎందుకంటే మొండెం కూడా అబద్ధం చెప్పగలదు, పైగా దాన్ని పరీక్షించే వీలే లేదు. నడిచే బండిని చల్లగా ఉన్నప్పుడు కిక్కు కొట్టించవచ్చు, పది కిలోమీటర్లు నడిపి వేడెక్కాక గేర్లు జారుతున్నాయేమో చూడవచ్చు, పొగ ఏ రంగులో వస్తోందో గమనించవచ్చు. గోనెసంచిలోని ఇంజన్‌ను ఏం చేసి పరీక్షిస్తారు? కాబట్టి నమ్మకం లేదన్న మాటకు జవాబు తయారైన బండిని మానుకోవడం కాదు, రుజువులు అడగడం. నిజంగా పని చేయించినవాడి దగ్గర సామాన్ల బిల్లులుంటాయి, విప్పినప్పటి ఫొటోలుంటాయి, ఏ లేత్ షాపులో బోరు చేయించాడో చెప్పగలుగుతాడు. ఫోన్ నంబరు కూడా ఇస్తాడు. అవి చూపించలేనివాడి దగ్గర బండి ఎంత మెరిసినా వదిలేయడమే మంచిది. మరో మాట. కొత్త రంగు కొట్టిన బండికన్నా, రంగు వెలిసి, అక్కడక్కడ గీతలు పడి, రోజూ ఊళ్లో తిరిగే బండి ఎప్పుడూ మేలు. దాని లోపాలు కళ్లకు కనిపిస్తాయి.

బాక్స్: చెక్కు రాసే ముందు

మీ మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. అమ్మేవాడి మెకానిక్ మాట మీద కొనవద్దు. మీరు చేరేసరికి ఇంజన్ వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగి, అప్పుడు స్టార్ట్ చేయించండి. అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి: రేకు ఉన్నచోట అతుక్కుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. ట్యాంకు మూత తీసి టార్చి వేయండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు మీరే చదివి సీ బుక్‌లోని అంకెలతో పోల్చండి. నంబరు చుట్టూ సానపట్టిన గుర్తులుంటే అక్కడితో ఆపేయండి. పక్క రాష్ట్రం బండి అయితే ఎన్‌వోసీ (ఫారం 28) లేకుండా బయానా ఇవ్వవద్దు. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు అదే రోజు చేయించుకోండి.

కాగితాల దగ్గర ఆగిపోయే బండ్లు

మొండెం బండి కథలు ఎక్కువగా ముగిసేది షెడ్డులో కాదు, ఆర్టీవో ఆఫీసులో. ఇనుప కొట్టులో కొన్న బండికి సీ బుక్ ఉండదు. ఉన్నా అందులోని మనిషి ఏ ఊళ్లో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియదు. అన్నేళ్లుగా రెన్యువల్ జరిగి ఉండదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు చెల్లిపోతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25 పెట్టి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు బండి చూపించి కొనసాగించుకోవాలి. లక్షలు పోసి అద్దంలా తయారు చేసిన బండి, కాగితం లేని కారణంగా ఇంటి వరండా దాటలేని పరిస్థితి తెచ్చుకునేవాళ్లున్నారు. అలాంటి బండిని రోడ్డెక్కించి, ప్రమాదం జరిగితే బీమా వర్తించదు. అవతలి మనిషికి దెబ్బ తగిలితే పరిహారం జీవితాంతం మెడకు చుట్టుకుంటుంది.

రెండో ప్రమాదం మార్పులది. చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, సీ బుక్‌లో రాసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఇదే తేల్చి చెప్పింది. హర్యానాలోని మండీ డబ్వాలీ పాత జీపులను కొత్త హంగులతో కట్టి దేశమంతా పంపే ఊరు. అక్కడి నుంచి జీపు తెప్పించుకోవాలన్న ఉబలాటం మన పల్నాడు కుర్రాళ్ల దాకా ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉండే ఆ జీపులో ఇంజన్ ఒకటి, ఛాసిస్ ఒకటి, సీ బుక్ ఇంకొకటి అయితే అది తయారైన బండి కాదు, తయారైన కేసు. తయారైనది కొనమని చెప్పడం ఇలాంటివాటిని కొనమనడం కాదు.

గుంటూరు జిల్లా వాళ్లకు నంబరు పలక మీద ప్రత్యేకమైన మమకారం ఉంటుంది. 1989కి ముందు మూడు అక్షరాల నంబరు, ఆ తర్వాత ఏపీ 07. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39తో ఒకే వరస మొదలయ్యాక పాత నంబరు చూస్తేనే బండి సొంతూరు గుర్తొస్తుంది. రిజిస్ట్రేషన్‌ను సక్రమంగా కొనసాగించుకుంటేనే ఆ నంబరు మిగులుతుంది.

బాక్స్: 50 ఏళ్లు నిండిన బండికి

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల సొంత వాహనాలకు ఇవి వర్తిస్తాయి. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, పదేళ్ల తర్వాత రెన్యువల్‌కు రూ.5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' ఉంటుంది. పాత నంబరు ఉన్నవాళ్లు దాన్నే ఉంచుకోవచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులేవీ చేసి ఉండకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు కొట్టించడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కాలి. రోజువారీ వాడకానికి, కిరాయికి పనికిరాదు.

ఇంటి బండి లెక్క వేరు

ఇంతవరకూ చెప్పినదంతా బయటి బండి సంగతి. నాన్న నడిపిన చేతక్, తాత కొన్న బుల్లెట్ చావిడిలో ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. దాని చరిత్ర ఇంట్లో అందరికీ తెలుసు. ఎప్పుడు ఆపేశారో, ఎందుకు ఆపేశారో తెలుసు. సీ బుక్ బీరువాలో ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, దానికి బదులుగా బజారులో కొనగలిగే బండి మరొకటి లేదు. అమ్మ చీర కుచ్చెళ్లు సర్దుకుని ఒక పక్కకు కూర్చున్న సీటు అదే. ఆసుపత్రి నుంచి పసిబిడ్డను తెచ్చిన స్కూటరు అదే. దీనికి పెట్టిన ఖర్చు తిరిగి రాదన్న వాదన ఇక్కడ నిలవదు, అమ్మే ఆలోచనే లేదు కాబట్టి. తిరిగిరాని ఖర్చే అయినా ఇల్లు కట్టుకున్న రోజున ఎవరూ దాన్ని నష్టం అనుకోరు కదా.

అయితే ఇంటి బండిని బాగు చేయడమంటే దాన్ని కొత్త బండిగా మార్చేయడం కాదు. చాలామంది చేసే తప్పు ఇక్కడే. షెడ్డుకు చేరగానే ముందు రంగు గీకిస్తారు. తిరువొత్తియూరులో బుల్లెట్ ట్యాంకు మీది బంగారు గీతలను చెయ్యి తిరిగిన కళాకారులు కుంచెతో గీసేవారు. ఒక్కసారి గీకితే ఆ గీత మళ్లీ రాదు, స్టిక్కరు వస్తుంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా ఉన్నదాన్ని కాపాడుకోవడానికే మొదటి చోటిచ్చింది. వాహనం బతికిన కాలపు గుర్తులు కూడా చరిత్రేనని దాని సారాంశం. మన నేల మీదే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్య రథం నిజానికి ఒక పాత షెవ్రోలే వ్యాను. దాన్ని ప్రచారానికి తగినట్టు మార్పించి, పైన నిలబడి మాట్లాడే ఏర్పాటు చేయించారు, హరికృష్ణ నడిపారు. 1983 జనవరిలో ప్రభుత్వమే మారిపోయింది. ఇవాళ ఎవరైనా ఆ వ్యానును 'ఒరిజినల్'గా చేస్తామని పై అంతస్తు తీసేసి షెవ్రోలే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు తయారు చేస్తే ఏం మిగులుతుంది? బజారులో దొరికే ఇంకో పాత వ్యాను మిగులుతుంది. మీ నాన్న చేతక్‌కు స్టెప్నీ పక్కన బిగించిన పచ్చగడ్డి కొక్కెం కూడా అలాంటిదే. దాన్ని ఉండనివ్వండి.

కాబట్టి ఇంటి బండికి ఎంత తక్కువ పని చేస్తే అంత మంచి పని. ఆయిల్ సీళ్లు, బ్రేకులు, టైర్లు, కేబుళ్లు, వైరింగ్: ప్రాణానికి సంబంధించినవి కొత్తవి వేయించాలి, అక్కడ రాజీ పనికిరాదు. పెట్రోలు పైపులూ, కార్బ్యురేటర్ రబ్బరు ముక్కలూ తప్పక మార్చాలి. ఇథనాల్ పెట్రోలుతో కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. అసలే ముప్పై ఏళ్లు ఎండిన రబ్బరుకు అంత గడువు కూడా ఉండదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. అందుకని నెలలపాటు ఆపే బండి ట్యాంకులో పెట్రోలు ఉంచకూడదు. ఇంజన్ నడుస్తుంటే విప్పవద్దు. రంగు ముట్టుకోవద్దు.

నేర్చుకునే ఆనందం మాటేమిటి?

మొండెం బండి వైపు వాదించేవాళ్ల చివరి మాట గౌరవించదగ్గది. డబ్బు కాదు, పని నేర్చుకోవాలన్న తపన అంటారు. చేతికి గ్రీజు అంటకుండా పాత బండిని ప్రేమించడమేమిటంటారు. నిజమే, ఒక ఇంజన్‌ను విప్పి, తుడిచి, కట్టి, అది మళ్లీ పలికినప్పుడు కలిగే సంతోషానికి ధర కట్టలేం. ఐటీఐలో మోటార్ మెకానిక్ చదువుతున్న పిల్లలకు, షెడ్డూ పనిముట్లూ అందుబాటులో ఉండి రెండేళ్లు ఓపిక పట్టగలిగినవాళ్లకు ఇది మంచి బడే. ఆ పదిమందిని ఎవరూ ఆపనక్కర్లేదు. మిగతా తొంభైమందికి చెప్పేది ఒకటే: నేర్చుకోవడానికి నడిచే బండి ఉండాలి. నడుస్తున్న చేతక్‌కు వారం వారం కార్బ్యురేటర్ తుడవడం, ప్లగ్గు గ్యాపు సరిచేయడం, క్లచ్ కేబుల్ మార్చడం నేర్చుకుంటే తప్పు చేసిన రోజునే తెలుస్తుంది, మర్నాడు దిద్దుకోవచ్చు. మొదటి పాఠంలోనే వందల ముక్కలు నేల మీద పరుచుకున్నవాడికి ఏ ముక్క ఎక్కడిదో గుర్తుండదు. మొదటి నెలలోని ఉత్సాహం మూడో నెలకు గోనెసంచిలోకి చేరుతుంది.

ఇక్కడే తొందర పడాల్సిన విషయమొకటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త మోటార్‌సైకిళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. కొత్త తరం మెకానిక్ స్కానర్ తగిలించి లోపం చదువుతాడు. పాయింట్ల గ్యాపు బ్లేడుతో కొలిచి, చప్పుడు వినే టైమింగ్ సరిచేయగల మేస్త్రీలకు అరవై దాటుతున్నాయి. బుల్లెట్ టాపెట్ల టకటక విని ఎన్ని గీతలు తిప్పాలో చెప్పగల చెవులు ప్రతి ఊళ్లోనూ ఒకటో రెండో మిగిలాయి. వాళ్ల కొడుకులు చాలామంది వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. ఇంటి బండిని బాగు చేయించాలనుకుంటే ఆ చేతులు పనిచేస్తుండగానే చేయించాలి. పక్కన నిలబడి చూడండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. నేర్చుకోవాలన్న తపనకు అంతకన్నా మంచి చోటు లేదు.

పెట్టుబడిగా కొంటున్నామనేవాళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ధరలు పెరిగింది సినిమాల వల్ల, జ్ఞాపకాల వల్ల. జ్ఞాపకం ఉన్న తరం పెద్దదయ్యాక ఆ ధర నిలుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పెరుగుతున్న రుసుములు, బీమా, మరమ్మతులు కలిపితే బ్యాంకు డిపాజిట్టే నయం. పాత బండి రూపం మాత్రమే కావాలి, చిక్కులు వద్దనేవాళ్లకు షోరూం ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు మోటార్‌సైకిళ్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బుల్లెట్టు, కొత్త జావా ఆ లోపలివే.

ఇంట్లో బండి ఉన్నవాళ్లు షెడ్డుకు తోలేముందు చేయాల్సిన పని ఒకటుంది. సీ బుక్ తీసి ఎవరి పేరు మీద ఉందో చూడండి. మన ఊళ్లలో చాలా బండ్లు పోయినవాళ్ల పేరు మీదే ఉన్నాయి. యజమాని చనిపోతే 30 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి, మూడు నెలల్లోగా వారసులు ఫారం 31తో పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. గడువు దాటి ఏళ్లయినా సరే, కుటుంబంలో సంతకాలు పెట్టాల్సినవాళ్లు అందుబాటులో ఉండగానే గుంటూరు ఆర్టీవో ఆఫీసులో అడిగి పని మొదలుపెట్టండి. సీ బుక్ పోయి ఉంటే ఫారం 26తో నకలు అడగవచ్చు. ఇంజన్ మీద పానా పెట్టడం ఆ కాగితం చేతికొచ్చాకే.